గాజు కుప్పె నుంచి కార్ఖానా దాకా

తార్నాక నుంచి ఉప్పల్ చౌరస్తాకు వెళ్లే రోడ్డు పొడవు నాలుగైదు కిలోమీటర్లకు మించదు. ఆ కొద్ది దూరంలోనే మూడు జాతీయ ప్రయోగశాలలున్నాయి. తార్నాక కొసన ఐఐసీటీగా పిలిచే భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, హబ్సిగూడ దాటాక కణ జీవశాస్త్రానికి పేరుపడ్డ సీసీఎంబీ, దాని పక్కనే భూభౌతిక పరిశోధన చేసే ఎన్‌జీఆర్‌ఐ. హబ్సిగూడ చౌరస్తాలో ఎడమకు తిరిగితే నాచారం, మల్లాపూర్ పారిశ్రామిక వాడలు. తిన్నగా ముందుకు వెళితే ఉప్పల్ పారిశ్రామిక వాడ. మందుల ముడిసరుకు చేసే యూనిట్లు, కాంట్రాక్టు మీద పరిశోధన చేసిపెట్టే సంస్థలు, ఇంజినీరింగ్ షెడ్లు, వాటి గోడలకు ఆనుకునే జనం కాపురముంటున్న కాలనీలు. రసాయన చర్యను కనిపెట్టేవారు, దాన్ని సరుకుగా మార్చేవారు, ఆ సరుకు వెనక మిగిలిన వ్యర్థాన్ని భరించేవారు ఒకే సిటీ బస్సులో ప్రయాణం చేసే చోటు ఇది. సైన్సూ వ్యాపారమూ చేయి కలిపితే పర్యావరణానికి ఎంత మేలు జరుగుతుందో, ఎక్కడ ఆ చేయి జారిపోతుందో చూడటానికి తెలుగు నేల మీద ఇంతకంటే తగిన చోటు లేదు.

ఈ ఇరుగుపొరుగు ఒక్కరోజులో ఏర్పడింది కాదు. హైదరాబాద్ సంస్థానంలో 1944లో మొదలైన సెంట్రల్ లేబొరేటరీస్ నేటి ఐఐసీటీకి మూలం. సంస్థానంలో దొరికే బొగ్గును, నూనెగింజలను, ఖనిజాలను పరిశ్రమకు పనికొచ్చేలా చేయడం దాని బాధ్యత. డాక్టర్ సయ్యద్ హుస్సేన్ జహీర్ నాయకత్వంలో అది ఎదిగింది. 1956లో శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి అయిన సీఎస్ఐఆర్‌లో చేరి రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీ అయింది. పాతకాపులు ఇప్పటికీ దాన్ని ‘ఆర్ఆర్ఎల్’ అనే అంటారు. 1989లో ఇప్పటి పేరు వచ్చింది. ఎన్‌జీఆర్‌ఐ 1961లో ఏర్పడింది. ఆర్ఆర్ఎల్‌లోని జీవరసాయన విభాగమే 1977లో వేరుపడి, పుష్ప ఎం. భార్గవ సారథ్యంలో సీసీఎంబీగా రూపుదిద్దుకుంది.

ఈ సంస్థలకు వ్యాపారంతో పొత్తు కొత్త కాదు. 1985 నుంచి పదేళ్లు ఐఐసీటీకి డైరెక్టరుగా ఉన్న ఎ.వి. రామారావు హయాంలో ఎయిడ్స్ మందు జిడోవుడిన్ తయారీ పద్ధతి ఆ ప్రయోగశాలలో రూపొంది సిప్లా కంపెనీ చేతికి వెళ్లింది. ఖరీదైన విదేశీ మందుకు చవకైన స్వదేశీ రూపం దొరికింది. పదవీ విరమణ తర్వాత ఆయన స్థాపించిన ఆవ్రా లేబొరేటరీస్ నాచారంలోనే ఉంది. దేశంలో జన్యు సాంకేతికతతో చేసిన తొలి హెపటైటిస్-బి టీకాను 1997లో మార్కెట్లోకి తెచ్చిన శాంతా బయోటెక్నిక్స్‌కు తొలినాళ్లలో ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఆ తర్వాత సీసీఎంబీ చోటిచ్చాయి. ఆ రోజుల్లో ఇలాంటి పొత్తులకు కొలబద్ద ఒక్కటే: దిగుమతి ఎంత తగ్గింది, ధర ఎంత దిగింది. తయారీ గదిలోంచి డ్రమ్ముల్లో, కాలువల్లో, గాలిలో బయటకు పోయినదాన్ని ఎవరూ లెక్కలో చేర్చలేదు. దాన్ని చేర్చడంతోనే అసలు పని మొదలవుతుంది.

కిలో మందు, యాభై కిలోల వ్యర్థం

రసాయన పరిశ్రమలో వ్యర్థాన్ని కొలవడానికి రోజర్ షెల్డన్ అనే శాస్త్రవేత్త 1992లో ఒక సులువైన లెక్క చెప్పాడు. ఒక కిలో సరుకు తయారైతే ఎన్ని కిలోల వ్యర్థం మిగిలిందన్నదే ఆ లెక్క. దాన్ని ‘ఇ-ఫ్యాక్టర్’ అంటారు. చమురు శుద్ధి కర్మాగారంలో అది కిలోకు వంద గ్రాముల లోపే. పెద్ద ఎత్తున చేసే మామూలు రసాయనాల్లో ఒకటి నుంచి ఐదు కిలోల లోపు. మందుల తయారీలో మాత్రం ఇరవై ఐదు నుంచి వంద కిలోలు, ఒక్కోసారి అంతకు మించి. నెలకు రెండు టన్నుల ముడి మందు చేసే ఒక మామూలు యూనిట్‌ను ఊహించుకుని, కిలోకు యాభై కిలోలే వేసుకున్నా, ఆ యూనిట్ నెలనెలా వంద టన్నుల వ్యర్థానికి దారి చూపాలి. చిన్న మాత్ర వెనక ఇంత బరువుందని మందులషాపులో నిలబడినవారికి తెలిసే అవకాశం లేదు.

మందుల్లోనే ఎందుకింత? మందు అణువు ఒక్క చర్యతో తయారు కాదు. ఎనిమిది, పది మెట్లు ఎక్కాలి. ప్రతి మెట్టులోనూ నూటికి ఎనభై పాళ్లు దిగుబడి వచ్చిందనుకున్నా, పది మెట్లు ఎక్కేసరికి వంద పాళ్లలో మిగిలేది పదకొండు పాళ్లే. ప్రతి మెట్టు తర్వాతా కడగాలి, వేరుచేయాలి, స్ఫటికాలు కట్టించాలి, ఆరబెట్టాలి. వీటన్నిటికీ సాల్వెంట్లు, అంటే ద్రావకాలు, కావాలి. మందు తయారీలో వాడే మొత్తం పదార్థాల బరువులో సగానికి పైగా ఇవే. ఇవి మందులో ఉండవు. చర్య జరగడానికి వేదికగా నిలిచి తప్పుకుంటాయి. తప్పుకుని ఎక్కడికి పోతాయన్నదే ప్రశ్న.

డైక్లోరోమీథేన్ అనే సాల్వెంట్ దాదాపు నలభై డిగ్రీలకే మరుగుతుంది. హైదరాబాద్ మే నెల మధ్యాహ్నం దానికి చాలు, మూత సరిగా లేని డ్రమ్ములోంచి గాలిలో కలిసిపోతుంది. డీఎంఎఫ్ అనే మరో సాల్వెంట్ నూట యాభై డిగ్రీలు దాటితే గానీ మరగదు, పైగా నీళ్లలో పూర్తిగా కలిసిపోతుంది. ఒకసారి కడుగునీళ్లలో చేరితే దాన్ని వెనక్కి రాబట్టడానికి బోలెడు ఆవిరి ఖర్చవుతుంది. మిథనాల్, టోలుయీన్ వంటివి విడివిడిగా ఉంటే స్వేదనం చేసి మళ్లీ వాడుకోవచ్చు. రెండు మూడు కలిస్తే విడదీయడం కష్టం. కొన్ని జంటలు కలిసే మరుగుతాయి, ఎంత స్వేదనం చేసినా పూర్తిగా విడిపోవు. అప్పుడా మిశ్రమాన్ని తక్కువ ధరకు అమ్మేయాలి, లేదా కాల్చేయాలి. నాచారం, మల్లాపూర్ కాలనీల జనం రాత్రివేళ ఘాటు వాసనల మీద ఏళ్ల తరబడి ఫిర్యాదు చేస్తూ వచ్చారు. ఇలా జారిపోయిన సాల్వెంట్లకు ఆ వాసనలో వాటా ఉంది. కంపెనీ డబ్బు పెట్టి కొన్న సరుకే కాలనీవాసి ఊపిరిలోకి వెళుతోంది. ఇద్దరికీ నష్టమే.

అందుకే ఏ మెట్టులో ఏ సాల్వెంట్ వాడాలన్న నిర్ణయం కాలుష్య నియంత్రణలో చాలా పెద్దది. ఆ నిర్ణయం కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయంలో జరగదు, కంపెనీలో ఈటీపీగా పిలిచే వ్యర్థజలాల శుద్ధి కేంద్రం దగ్గర కూడా జరగదు. ప్రయోగశాలలో, గాజు కుప్పె ముందు నిలబడిన రసాయన శాస్త్రవేత్త చేతిలో జరుగుతుంది. నాలుగు మెట్లకు నాలుగు సాల్వెంట్ల బదులు ఒక్కటే సరిపోయేలా ఆలోచిస్తే, కార్ఖానాలో ఒక్క స్వేదన స్తంభంతో పని గడుస్తుంది.

గొట్టం చివర చేసే వైద్యం

ఆ నిర్ణయం ముందే జరగనప్పుడు భారమంతా చివరికి వ్యర్థజలాల శుద్ధి మీద పడుతుంది. లవణాలు ఎక్కువున్న నీళ్లను వేరుచేసి, వాటిలోని సాల్వెంట్‌ను స్ట్రిప్పర్‌లో తీసేసి, మిగిలినదాన్ని ఎంఈఈ అనే వరస ఆవిరి పాత్రల్లో మరిగించి, చివర ఉప్పుగా ఎండబెడతారు. లవణాలు తక్కువున్న నీళ్లను సూక్ష్మజీవులతో శుద్ధి చేసి, పొరల్లోంచి వడకట్టి బాయిలర్లకు, కూలింగ్ టవర్లకు వాడతారు. చుక్క నీరు బయటకు వదలని ఈ ఏర్పాటునే జెడ్ఎల్‌డీ అంటారు. దీనివల్ల చెరువుకు మేలు జరిగిన మాట నిజం. అయితే నీళ్లను మరిగించడానికి బొగ్గో గ్యాసో మండాలి. చివర మిగిలిన ఉప్పు దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల పూడ్చివేత కేంద్రానికి లారీల్లో పోవాలి. ద్రవ రూపంలో ఉన్న సమస్య ఘనరూపం దాలుస్తుందే తప్ప మాయం కాదు.

గొట్టం చివరి వైద్యాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో నగరానికి పడమటి వైపున్న పటాన్‌చెరు చూపింది. అప్పట్లో సుమారు తొంభై మందుల కంపెనీల వ్యర్థజలాలు చేరే అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటకు వస్తున్న నీటిని స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. శుద్ధి అయిన నీటిలోనే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. కొన్ని రకాల బ్యాక్టీరియాకు విషమయ్యే స్థాయికి అది వెయ్యి రెట్లు మించినది. పైగా అలాంటి కేంద్రాల్లో పని జరిగేదే బ్యాక్టీరియా వల్ల. యాంటీబయోటిక్‌నూ బ్యాక్టీరియానూ ఒకే తొట్టిలో రోజుల తరబడి ఉంచితే, మందుకు లొంగని జాతులు అక్కడే తయారవుతాయి. వాటికి పారిశ్రామిక వాడ సరిహద్దు తెలియదు. ఈ విషయం ప్రపంచం తలకెక్కడానికి మరో పదిహేడేళ్లు పట్టింది. యాంటీబయోటిక్ కర్మాగారాల వ్యర్థాల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ తొలి మార్గదర్శకాలు 2024 సెప్టెంబరులో వచ్చాయి.

పటాన్‌చెరు నేర్పిన పాఠం తూర్పు హైదరాబాద్‌కూ వర్తిస్తుంది. వ్యర్థం పుట్టిన చోటే, వేరే వ్యర్థంతో కలవక ముందే దాని సంగతి చూడాలి. వీలైతే అసలు పుట్టకుండానే చూడాలి. పాల్ అనస్తాస్, జాన్ వార్నర్ 1998లో సూత్రీకరించిన హరిత రసాయన శాస్త్రపు పన్నెండు సూత్రాల్లో మొదటిది కూడా ఇదే. నొప్పి మాత్రగా అందరికీ తెలిసిన ఐబుప్రోఫెన్ దీనికి మంచి ఉదాహరణ. పాత పద్ధతిలో ఆరు మెట్లుండేవి. లోపలికి వెళ్లిన పరమాణువుల్లో బరువు లెక్కన నలభై శాతమే మందుగా మారేవి. 1990ల తొలినాళ్లలో అమెరికాలో మొదలైన కొత్త పద్ధతిలో మూడే మెట్లు, డెబ్బై ఏడు శాతం వినియోగం. అక్కడ ఈటీపీ పెద్దదేమీ కాలేదు, కాగితం మీది చర్య మారింది.

తవుడు నూనె కథ

ఇలా పుట్టిన చోటే వ్యర్థాన్ని ఆపిన స్వదేశీ పనుల్లో ఐఐసీటీ నూనెల విభాగం చేసినది ముందు చెప్పుకోవాలి. వరి పండే తెలుగు రాష్ట్రాలకు తవుడు నూనె సహజమైన వనరు. కానీ దాన్ని శుద్ధి చేయడం తలనొప్పి. బియ్యం మరలో తవుడు గింజ నుంచి విడిపోయిన మరుక్షణం నుంచీ అందులోని లైపేజ్ అనే ఎంజైమ్ నూనెను విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. గంటలు గడిచేకొద్దీ స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు పెరుగుతాయి. పాత పద్ధతిలో ఈ ఆమ్లాలను కాస్టిక్ సోడాతో సబ్బుగా మార్చి తీసేసేవారు. ఆ సబ్బు మడ్డి తనతోపాటు మంచి నూనెను కూడా లాక్కుపోయేది. మడ్డిని మళ్లీ గంధకామ్లంతో విరగ్గొడితే ఆమ్లపు నీళ్లు మిగిలేవి. నూనె మీద మిగిలిన సబ్బును కడగడానికి ఇంకొంత నీరు. ఇంతా చేశాక, తవుడు నూనెకు ప్రత్యేకతనిచ్చే ఒరైజనాల్ చాలావరకు ఆ క్షారంలోనే పోయేది.

క్షారం లేకుండా, ఆవిరితో ఆమ్లాలను ఊదేసే భౌతిక శుద్ధి పద్ధతి ఉంది. దానికి ఒకటే అడ్డంకి. నూనెలోని జిగురు, అంటే ఫాస్ఫోలిపిడ్లు, దాదాపు పూర్తిగా పోతే తప్ప ఆ వేడికి నూనె నల్లబడుతుంది. నీళ్లతో కడిగితే కొంత జిగురు పోతుంది, నీటికి లొంగని జిగురు అలాగే ఉండిపోతుంది. డాక్టర్ ఆర్.బి.ఎన్. ప్రసాద్, ఆయన సహచరులు ఈ అడ్డంకిని ఎంజైమ్‌తో తొలగించారు. ఫాస్ఫోలైపేజ్ అనే ఎంజైమ్ జిగురు అణువులోని ఒక కొవ్వు గొలుసును తెంపుతుంది. తెగిన అణువు నీటికి లొంగుతుంది, సెంట్రిఫ్యూజ్‌లో విడిపోతుంది. నూనెలో ఫాస్ఫరస్ పది లక్షల పాళ్లకు ఐదు పాళ్ల స్థాయికి దిగి, భౌతిక శుద్ధికి దారి దొరికింది. సబ్బు మడ్డి లేదు, ఆమ్లపు నీళ్లు లేవు, నూనె నష్టం తగ్గింది, ఒరైజనాల్ మిగిలింది. ఈ పద్ధతి దేశంలోని పలు నూనె శుద్ధి కర్మాగారాల్లోకి వెళ్లింది.

మిల్లు యజమాని దీన్ని ఎందుకు తీసుకున్నాడో గమనించడం ముఖ్యం. కాలువ శుభ్రపడుతుందని చెబితే అతడు విని ఊరుకునేవాడేమో. టన్నుకు ఇన్ని కిలోల నూనె అదనంగా చేతికొస్తుందన్న లెక్క అతడిని కదిలించింది. వ్యర్థమంటే చేజారిన సరుకేనని అతడి ఖాతాపుస్తకమే చెప్పింది. అలాగని లాభమున్న చోటే పర్యావరణం బాగుపడుతుందనుకోవడం సరికాదు. లాభం లేని చోట చట్టం గట్టిగా నిలబడాలి. కాకపోతే లాభమూ శుభ్రతా కలిసే చోటును వెతికి చూపడం సైన్స్ మాత్రమే చేయగల పని, ఆ పని ఐఐసీటీ ఇక్కడ చేసింది.

కుప్పెకూ రియాక్టర్‌కూ మధ్య

ఇన్ని మంచి పద్ధతులుండగా కార్ఖానాలన్నీ ఎందుకు మారలేదు? ప్రయోగశాలలో లీటరు కుప్పెలో చక్కగా నడిచిన చర్య వెయ్యి లీటర్ల రియాక్టర్‌లో అలాగే నడవదు. పాత్ర పరిమాణం వెయ్యి రెట్లు పెరిగితే దాని గోడల వైశాల్యం వంద రెట్లే పెరుగుతుంది. పుట్టే వేడి పరిమాణాన్ని బట్టి, బయటకు పోయే వేడి గోడను బట్టి. కుప్పెను మంచుగడ్డల్లో పెట్టి చల్లార్చినంత తేలికగా రియాక్టర్ చల్లారదు. అరగంటలో పోసిన రసాయనాన్ని అక్కడ పది గంటలపాటు చుక్కచుక్కగా పోయాలి. ఆ పది గంటల్లో పక్కచర్యలు మొదలై మలినాలు పెరుగుతాయి. అందుకే కుప్పెకూ కార్ఖానాకూ నడుమ పైలట్ ప్లాంట్ ఉండాలి. అక్కడ తప్పులు జరుగుతాయి, సరుకు పాడవుతుంది, డబ్బు పోతుంది. శాస్త్రవేత్తకు పరిశోధన పత్రం అంతకు ముందే అచ్చయి ఉంటుంది, కంపెనీకి అమ్మకం ఇంకా మొదలై ఉండదు. ఈ నడుమ దశ ఖర్చు ఎవరిదన్న ప్రశ్నకు జవాబు లేక ఆగిపోయిన పేటెంట్లు మన జాతీయ ప్రయోగశాలల బీరువాల్లో తక్కువేమీ లేవు.

మందుల విషయంలో ఇంకో చిక్కుంది. ఒక మందు తయారీ పద్ధతిని నియంత్రణ సంస్థలు ఆమోదించాక, అందులో సాల్వెంట్ మార్చినా సరే మళ్లీ పరీక్షలు చేయాలి, మళ్లీ కాగితాలు సమర్పించాలి. ఒక్కో దేశానికి ఒక్కో దరఖాస్తు. నలభై దేశాలకు ఎగుమతి చేసే కంపెనీ, ఎంత పచ్చని పద్ధతి చూపినా, వచ్చే రాబడికంటే ఈ తతంగం ఖర్చే ఎక్కువని వెనక్కి తగ్గుతుంది. రోగి భద్రత కోసం పెట్టిన నిబంధనలే ఇక్కడ పాత వ్యర్థాన్ని కాపాడుతున్నాయి. కాబట్టి హరిత పద్ధతి ఆమోదానికి ముందే, మందు ఇంకా పరిశోధన దశలో ఉండగానే ప్రవేశించాలి.

ఈ ఒక్క కారణంతోనే నాచారానికి పెద్ద అవకాశముంది. ఇక్కడి కాంట్రాక్టు పరిశోధన సంస్థల పని ఆ తొలి దశలోనే. జీవీకే బయోసైన్సెస్‌గా మొదలై 2021లో అరాజెన్ పేరు పెట్టుకున్న కంపెనీ నాచారం పారిశ్రామిక వాడ నుంచే దేశదేశాల మందుల కంపెనీలకు అణువులను రూపొందించి ఇస్తోంది. ఆవ్రా వంటివి సంక్లిష్టమైన అణువుల తయారీ మార్గాలను వెతుకుతాయి. పదేళ్ల తర్వాత ఎక్కడో టన్నుల కొద్దీ తయారయ్యే మందులో ఏ సాల్వెంట్ ఉండాలో, ఎన్ని మెట్లుండాలో తేలేది ఇలాంటి బెంచీల మీదే. విదేశీ కొనుగోలుదారులు ఇప్పుడు ధర, నాణ్యతలతో పాటు కర్బన ఉద్గారాల లెక్కలు, నీటి వాడకం, వ్యర్థాల వివరాలు కూడా అడుగుతున్నారు. ఐఐసీటీలో హరిత రసాయన శాస్త్రం మీద పనిచేసే పరిశోధకులు, నాచారం బెంచీల మీది యువ రసాయన శాస్త్రవేత్తలు క్రమం తప్పకుండా కలిసి పనిచేస్తే దాని ఫలితం ఈ వాడ దాటి ఎంతో దూరం వెళుతుంది. వాళ్లలో ఉస్మానియాలో చదువుకున్నవాళ్లూ ఉన్నారు. స్నేహాలున్నాయి, ఒప్పందాలు పెరగాలి.

బోయిన్‌పల్లి మార్కెట్‌లో కుదిరిన లెక్క

నడుమ దశ ఖర్చును అందరూ పంచుకుంటే ఏమవుతుందో బోయిన్‌పల్లిలోని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కూరగాయల మార్కెట్‌లో చూడవచ్చు. రోజుకు సుమారు పది టన్నుల కుళ్లిన కూరగాయలు, ఆకులు అక్కడ మిగిలేవి. లారీలకెత్తి డంపింగ్ యార్డుకు తరలించేవారు. ఇప్పుడు ఆ చెత్త నుంచి రోజుకు దాదాపు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల వంటగ్యాస్ వస్తున్నాయి. వందకు పైగా వీధి దీపాలు, 170 దుకాణాలు, కార్యాలయ భవనం, నీటి సరఫరా ఆ కరెంటుతో నడుస్తున్నాయి. గ్యాస్ మార్కెట్ క్యాంటీన్‌కు వెళుతుంది. చివర మిగిలిన ద్రవం ఎరువు. 2021 జనవరి 31న ప్రధాని నరేంద్ర మోదీ తన ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో ప్రస్తావించడంతో దేశమంతా దీని గురించి విన్నది.

దీని వెనక ఉన్నది ఐఐసీటీలో డాక్టర్ ఎ. గంగాగ్ని రావు బృందం అభివృద్ధి చేసిన గ్యాస్ లిఫ్ట్ రియాక్టర్. గోబర్ గ్యాస్ మన పల్లెలకు ఎప్పటినుంచో తెలుసు. పేడ స్థానంలో కూరగాయలు వేస్తే మాత్రం ఇబ్బంది వస్తుంది. కూరగాయల్లో నీరూ చక్కెరలూ ఎక్కువ, ఇట్టే పులిసిపోతాయి. ఆమ్లాన్ని పుట్టించే సూక్ష్మజీవులు దూకుడుగా పనిచేస్తాయి, ఆ ఆమ్లాన్ని మీథేన్‌గా మార్చే సూక్ష్మజీవులు నెమ్మదిగా. రెండో జట్టు వెనకబడితే తొట్టి పుల్లబడి గ్యాస్ ఆగిపోతుంది. అన్నీ సమానంగా కలియాలంటే తొట్టిని కలియబెడుతూ ఉండాలి. లోపల మరతెడ్లు పెడితే పీచు చుట్టుకుని ఇరుక్కుపోతాయి, బాగుచేయాలంటే తొట్టి ఖాళీ చేయాలి. గంగాగ్ని రావు బృందం పుట్టిన గ్యాస్‌నే కొంత వెనక్కి తిప్పి, దాని ఒత్తిడితోనే గుజ్జును పైకి లేపి కలియబెట్టింది. లోపల తిరిగే భాగాలే లేవు. కూరగాయలను ముందు కన్వేయర్ మీద ఏరి, ముక్కలుచేసి, గుజ్జుగా రుబ్బి తొట్టిలోకి పంపుతారు. వచ్చిన గ్యాస్‌లోని గంధకపు వాయువును తీసేసి, బెలూన్లలో నిల్వచేసి, జనరేటర్లకు ఇస్తారు.

యంత్రం ఎంత ముఖ్యమో దాని చుట్టూ కుదిరిన ఏర్పాటు అంత ముఖ్యం. పరిజ్ఞానం ఐఐసీటీది. నిధులు కేంద్ర బయోటెక్నాలజీ విభాగానివి, రాష్ట్ర వ్యవసాయ మార్కెటింగ్ శాఖవి. నిర్మాణం, నిర్వహణ హైదరాబాద్‌కే చెందిన ఆహూజా ఇంజినీరింగ్ సర్వీసెస్ అనే ప్రైవేటు సంస్థవి. చెత్త, స్థలం, కరెంటు వాడుకునే అవసరం మార్కెట్ కమిటీవి. వీరిలో ఎవరూ మొత్తం నష్టభయాన్ని ఒంటరిగా మోయలేదు. ఇంకో మంచి నిర్ణయం, చెత్తను ఎంచుకున్న తీరు. ఇళ్ల చెత్తలో ప్లాస్టిక్ కవర్లు, గాజుపెంకులు, బ్యాటరీలు అన్నీ కలిసి వస్తాయి, ఏరడానికే సగం ఖర్చు. మార్కెట్ చెత్త చాలావరకు ఒకే రకం, రోజూ ఒకే చోట దొరుకుతుంది. తడిపొడి చెత్త వేరుచేయడంలో నగరాలు తడబడుతున్నప్పుడు, ముందే వేరుగా ఉన్న చోట మొదలుపెట్టడం తెలివైన పని. హోటళ్ల, హాస్టళ్ల వంటశాలలు, కోళ్ల ఫారాలు కూడా ఈ కోవలోకే వస్తాయి.

నాచారానికి పక్కనే ఉన్న చర్లపల్లిలో ఇదే తరహా ప్రయత్నం ఎలక్ట్రానిక్ వ్యర్థాల మీద జరుగుతోంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-మెట్ పాత సర్క్యూట్ బోర్డుల నుంచి రాగి, బంగారం వంటి లోహాలను, వాడేసిన లిథియం బ్యాటరీల నుంచి కోబాల్ట్, నికెల్, లిథియంలను రాబట్టే పద్ధతులు రూపొందించి పలు కంపెనీలకు బదిలీ చేసింది. బోర్డులను ఆరుబయట కాల్చి, ఆమ్లంలో ముంచి రాగి తీసే కూలీల ఆరోగ్యం దీనితో ముడిపడి ఉంది.

డబ్బు దారులు కూడా కొన్ని తెరుచుకున్నాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సగటు నికర లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. 2019లో చేసిన మార్పుతో ఆ సొమ్మును సుస్థిరాభివృద్ధి లక్ష్యాల మీద పనిచేసే ప్రభుత్వ ప్రయోగశాలల పరిశోధనకూ ఇవ్వవచ్చు. బడికి బల్లలు, వీధికి బోర్లు మంచివే. నాచారం కంపెనీ తన రెండు శాతంలో కొంత దగ్గరలోని ప్రయోగశాల పైలట్ ప్లాంట్‌కు ఇస్తే తన వీధి గాలి కూడా బాగుపడుతుంది. హబ్సిగూడలో సీసీఎంబీ నడిపే అటల్ ఇంక్యుబేషన్ కేంద్రం చిన్న కంపెనీలకు ఖరీదైన పరికరాలు వాడుకునే వీలు కల్పిస్తోంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లోని 9వ నిబంధన ఒక యూనిట్ వ్యర్థాన్ని మరో యూనిట్ ముడిసరుకుగా వాడుకోవడానికి దారి ఇస్తుంది. వాడేసిన సాల్వెంట్ ఒక గోడ దాటి పక్క కంపెనీకి చేరడానికి ఇది ఆధారం.

నేల మిగిలే ఉంటుంది

ఉప్పల్, నాచారం వాడలు ఇప్పుడు మారిపోతున్నాయి. కాలుష్య కారక పరిశ్రమలను ఔటర్ రింగ్ రోడ్డు బయటకు తరలించాలన్న ప్రభుత్వ ఉత్తర్వు 2013లోనే వచ్చింది. 2020 తర్వాత తూర్పు హైదరాబాద్‌కు ఐటీని విస్తరించే విధానం కింద ఇక్కడి కొన్ని పారిశ్రామిక స్థలాలను ఐటీ పార్కులుగా మార్చడానికి అనుమతులిచ్చారు. 2025 చివర్లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన హిల్ట్ విధానం పాత పారిశ్రామిక వాడల భూములను నివాసాలకు, వాణిజ్యానికి, ఇతర అవసరాలకు మార్చుకునే వీలు కల్పిస్తోంది. భూమి విలువ మీద, ఎవరికెంత లాభమన్న దాని మీద వాదోపవాదాలు చాలా జరిగాయి. ఆ నేలలో ఏముందన్న ప్రశ్నకు అంత చోటు దక్కలేదు.

దక్కాలి. దశాబ్దాలపాటు లోహపు పూత పనులు, రంగులు, రసాయనాలు నడిచిన షెడ్ల కింద మట్టిలో క్రోమియం, సీసం, నికెల్ వంటివి పేరుకుని ఉండవచ్చు. పటాన్‌చెరు, కాటేదాన్, బాలానగర్ వాడల మట్టిలో భార లోహాలు సహజ స్థాయిని మించి ఉన్నాయని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు రెండు దశాబ్దాల నాడే కొలిచి ప్రచురించడం మొదలుపెట్టారు. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్. దాని మీద కొన్ని మీటర్ల మందాన శిథిల శిల, ఆ కింద పగుళ్లు. నీరు నిలిచేదీ పారేదీ ఆ శిథిల పొరలో, ఆ పగుళ్లలోనే. వాటి దిశను బట్టి ఒక ప్లాటు కింది కాలుష్యం పక్క కాలనీ బోరులోకి చేరవచ్చు, చేరకపోనూవచ్చు. పైనుంచి చూసి చెప్పడం అసాధ్యం. విద్యుత్ నిరోధకతను కొలిచి భూగర్భ చిత్రం గీసే భూభౌతిక పద్ధతులు కావాలి. కఠిన శిలల్లో భూగర్భ జలాలు ఎలా కదులుతాయో అర్థం చేసుకోవడానికి 1999 నుంచి ఫ్రెంచి నిపుణులతో కలిసి మహేశ్వరం పరిసరాల్లో అధ్యయనాలు చేసిన అనుభవం ఎన్‌జీఆర్‌ఐకి ఉంది. ఆ సంస్థ ప్రహరీ నుంచి ఉప్పల్ పారిశ్రామిక వాడ ఎంతో దూరం లేదు.

చట్టం కూడా ఇప్పుడు తోడుంది. కలుషిత స్థలాల నిర్వహణ మీద కేంద్రం 2025 జులైలో నిబంధనలు ప్రకటించింది. అనుమానమున్న స్థలాలను జిల్లా యంత్రాంగం గుర్తించాలి. ముందు ప్రాథమిక పరీక్ష, తర్వాత వివరమైన సర్వే జరగాలి. కలుషితమని తేలితే నిపుణ సంస్థ శుద్ధి ప్రణాళిక ఇవ్వాలి. ఖర్చు కాలుష్యానికి కారణమైనవారిదే. వారెవరో తేలకపోయినా, వారికి తాహతు లేకపోయినా ఆ ఖర్చు ప్రభుత్వాల మీద పడుతుంది. అందుకని పరీక్ష ఎప్పుడు జరుగుతుందన్నది కీలకం. భూ వినియోగ మార్పిడికి దరఖాస్తు వచ్చిన రోజున, పాత యజమాని ఇంకా సంతకం పెట్టాల్సిన స్థితిలో ఉండగానే, మట్టి, నీటి పరీక్ష నివేదికను దరఖాస్తుకు జతచేయమంటే ఖర్చు ఎవరిదో అక్కడే తేలిపోతుంది. ప్లాటు చేతులు మారి, పునాదులు పడి, ఫ్లాట్లు అమ్ముడుపోయాక అదే పరీక్ష జరిగితే బిల్లు అందులో కాపురమున్నవారికి వస్తుంది.

శుద్ధి పని ఒక వ్యాపారం కూడా. లోహాలను పీల్చుకునే మొక్కలు, సాల్వెంట్‌ను తినే సూక్ష్మజీవులు, భూగర్భ జలాన్ని పైకి తోడి శుభ్రపరిచే ఏర్పాట్లు, ఇవన్నీ ఐరోపా, అమెరికా పాత పారిశ్రామిక నగరాల్లో స్థిరపడిన పనులు. మన దగ్గర ఈ రంగం ఇప్పుడిప్పుడే మొదలవుతోంది. పరీక్షించే సంస్థ ఉప్పల్ రోడ్డులో ఉంది, సూక్ష్మజీవులను గుర్తించగలిగే సంస్థ దాని పక్కనే ఉంది, వ్యర్థాలను జీర్ణం చేయించే రియాక్టర్లు కట్టిన సంస్థ తార్నాకలో ఉంది. శుభ్రపరచాల్సిన నేల నాచారంలో, ఉప్పల్‌లో ఎదురుచూస్తోంది.